చొప్పకట్ట విలువ

నంద్యాల పరిసరములలో నవనందులు గలవు. ఆళ్లగడ్డ శిల్పులు నేటికిని ఉలితో నందులను మలచుచున్నారు. ఆ రాతినందులకు పూజ చాలును, మేత అక్కరలేదు. కుందూనదికి ఇరువైపుల నల్లరేగడి నేలలలో తరతరములుగా నాగలి లాగిన సజీవములైన నందులకు మాత్రము ఏటి పొడుగునను మేత కావలసియుండెను. ఆ మేత పేరు చొప్ప.

కంకి కోసిన తరువాత మిగిలిన జొన్నదంటును, దాని ఆకును కలిపి చొప్ప యందురు. కట్టలు కట్టి, వామి వేసి, వేసవి యంతయు దానినే మేపుదురు. వామి తరిగిపోయిన ఇంట ఎద్దును అమ్ముకొనవలసి వచ్చెడిది. ఎద్దు పోయినచో తొలకరికి సేద్యము సాగదు. కావుననే రైతు కంకిని చూచినంత శ్రద్ధగా దంటును గూడ చూచెడివాడు. విరిచి నమిలి, తీపి గలదో లేదో తెలిసికొనెడివాడు. కోసిన మోడునుండి మరల చిగిర్చిన లేతజొన్నలో నామున్నదని అతనికి తెలియును. ఆ నాము హైడ్రోసయనిక్ ఆమ్లమని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. ఆ పేరు ఎరుగని పశువుల కాపరులును మందను ఆ చేనిలోనికి పోనిచ్చెడివారు కారు.

పరిశోధనాలయములలో చాలకాలము లెక్క వేరుగా నుండెను. ఎకరమునకు ఎన్ని బస్తాల గింజ పండినదన్నదే అచ్చటి ప్రశ్న. 1964లో మన దేశమున మొట్టమొదటి సంకరజొన్న సి.ఎస్.హెచ్-1 విడుదలయ్యెను. మొక్క పొట్టిది, దిగుబడి మెండు. అట్టి రకములు అనేకచోట్ల వ్యాపించినవి. కాని దక్కను పీఠభూమిలో రబీజొన్న పండించు రైతులు పలువురు పాత పొడుగు రకములను విడువరైరి. అది వట్టి మొండితనమని తలచినవారు లేకపోలేదు. ఆ తలంపు సరికాదు. రైతు ఒక పైరునుండి రెండు పంటలు తీయుచుండెను. శాస్త్రజ్ఞుడు అందులో ఒకదానినే తూచుచుండెను.

ఈ రెండవ పంటను శ్రద్ధగా తూచినవారిలో మైకేల్ బ్లూమెల్ అను జర్మను శాస్త్రజ్ఞు డొకడు. ఆయన హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయమున పశుపోషణ శాస్త్రము నభ్యసించి, అంతర్జాతీయ పశుసంవర్ధక పరిశోధనా సంస్థ పక్షమున హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణమున పనిచేసెను. ఇక్రిశాట్‌కు చెందిన ఆర్థికశాస్త్రజ్ఞుడు పి. పార్థసారథి రావుతో కలిసి, ఆయన 2004-05లో హైదరాబాదు చొప్ప బజారును నెలనెలా పరిశీలించెను. శాస్త్రజ్ఞుడు చొప్ప వర్తకుని అంగడి ముందు నిలుచుట అంతగా చూడని దృశ్యమే! పట్టణపు పాడిగేదెల కొరకు అచ్చట నరికిన చొప్పను తూకమునకు అమ్ముచుండిరి. రాయలసీమ, రాయచూరు మొదలగు ప్రాంతముల పేర్లతో రకములుండెను. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క ధర.

ఆ చొప్పలను తెచ్చి, ఏది ఎంత జీర్ణమగునో పరీక్షించిరి. ఇట్టి పరీక్షల వెనుక చక్కని ఉపాయ మొకటి గలదు. ఆవు, గేదె, గొర్రె నెమరువేయు జంతువులు. వాని కడుపులోని నాలుగు అరలలో పెద్దదగు మొదటి అరయందు కోట్లకొలది సూక్ష్మజీవులు వసించి, మనము అరిగించుకొనలేని పీచును పులియబెట్టును. పులియునపుడు వాయువు పుట్టును. హోహెన్‌హైమ్‌లో మెంకె మొదలగువారు 1979లో ప్రకటించిన పద్ధతిలో, 200 మిల్లీగ్రాముల మేతపొడిని ఆ అరనుండి తీసిన ద్రవముతో గాజు సిరంజిలో నుంచి, పశువు కడుపులోని వెచ్చదనమునకు సరిగా 39 డిగ్రీల వేడిమిలో ఒక దినము కదలనిత్తురు. పుట్టిన వాయువు సిరంజి కడ్డీని పైకి నెట్టును. ఎంత నెట్టినదో చూచినచో, ఆ మేత ఎంత అరుగునో లెక్కకు వచ్చును.

చవుక చొప్ప నూటికి 47 పాళ్లు జీర్ణమగుననియు, మేలురకము 52 పాళ్లు జీర్ణమగుననియు తేలెను. తేడా అయిదే పాళ్లు. కాని ఆ అయిదు పాళ్ల కొరకు కొనువారు దాదాపు నాలుగవవంతు హెచ్చుధర నిచ్చుచుండిరి! సిరంజి చెప్పినదానినే బజారు ధర అంతకు ముందే చెప్పుచుండెను. 2006లో ఈ ఫలితములు ప్రకటితమయ్యెను.

మరి గింజ తగ్గకుండ చొప్పను మెరుగుపరచుట సాధ్యమా? బ్లూమెలును, హైదరాబాదులోని జాతీయ జొన్న పరిశోధనా కేంద్రమువారును పెక్కు రకములను పరీక్షించి, రెండును గల రకముల నేరుకొనుటకు వీలున్నదని కనుగొనిరి. అనంతపురము ప్రాంతమున వేరుసెనగ కట్టె విషయమునను ఇట్టి పరిశోధనయే జరిగినది. ఐ.సి.జి.వి. 91114 అను రకపు కట్టె మేసిన పశువులు హెచ్చుగా పాలిచ్చినవి.

నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధనా స్థానము వెలసినది. నంద్యాల తెల్లజొన్న అను పేరు గల రకములు అచ్చటివే. ఐనను ఆ చుట్టుపట్ల రేగడి చేలలో గడచిన కొన్ని దశాబ్దములలో జొన్న తగ్గి శనగ పెరిగినది. ట్రాక్టరు ఎద్దుల మేత బాధను తీర్చినది గాని, పాడిగేదె మేత బాధను తీర్చలేదు. శనగపొట్టు కొంత ఆదుకొనును, చొప్పవామికి అది సాటిరాదు. ఒకప్పుడు తన చేని చొప్పనే వామి వేసుకొన్న రైతు, నేడు దానిని కొనవలసివచ్చినపుడు, కట్టనుండి ఒక దంటు లాగి, విరిచి నమిలి, ఆ తరువాతనే ధర యడుగును.