మొక్కు ఏ పద్దులో రాయాలి?

నా బరువు తగ్గడాన్ని మా భాలుబాసా వీధివాళ్ళు మా ఆవిడ పైడితల్లికి మొక్కిన మొక్కు ఖాతాలో వేసేశారు. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, వోచరు లేని పద్దు పాస్ చెయ్యను. సర్జను నా జీర్ణాశయంలో ముప్పాతిక వంతు కోసి తీసేశాడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ (1999లో జపానువాళ్ళు కనిపెట్టారు) ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఆకలి తగ్గింది, బరువూ తగ్గింది. ఇందులో నా మనోబలం గొప్ప కూడా ఏమీ లేదండి!

అయితే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. అందుకే రోజూ జూబిలీ పార్కులో నడక. మొదట్లో గేటు దాటగానే బెంచీ వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆగకుండా గంట నడుస్తున్నా.

బి12 మాత్ర మాత్రం జీవితాంతం తప్పదు. "అమ్మవారు చూసుకుంటుంది, ఇంకా మాత్రలెందుకు?" అంది మా ఆవిడ. బి12 తగ్గిందన్న రక్తపరీక్ష రిపోర్టు చేతికిచ్చాను. చదివి, దేవుడి పటం వెనక పెట్టింది. మాత్ర మాత్రం టైముకి ఇస్తోంది.