మూత తీసి చూడాలన్న తొందర

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకు భయం సాధారణంగా రెండో రోజు రాత్రి పట్టుకుంటుంది. మూతకు బిగించిన ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి బిరడా) ఆగకుండా బుడగలు వదులుతుంటుంది. మూత సందులోంచి చూస్తే గోధుమరంగు నురగ, దాని మీద ముదురు మచ్చలు, అక్కడక్కడా తెల్లటి తెట్టు. అప్పుడే ఫోను మోగుతుంది: "అన్నా, పైన ఏదో తేలుతోంది, బూజులా ఉంది. పారబోసెయ్యనా?" డాలస్ చుట్టుపక్కల ఈ వ్యాపకం ఉన్న తెలుగువాళ్లం కొద్దిమందిమే. కొత్తగా మొదలుపెట్టిన దాదాపు ప్రతి ఒక్కరూ నన్ను ఈ ప్రశ్న అడిగారు. వద్దని చెప్పడం తేలికే. ఎందుకు వద్దో, అసలు జాగ్రత్త ఎక్కడ పెట్టాలో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ తేలేది బూజు కాదు, ఈస్ట్ పని మొదలుపెట్టిన గుర్తు. ముదురు మచ్చలు చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల రేణువులు, మాల్ట్‌లోంచి (మొలకెత్తించిన ధాన్యం) వచ్చిన ప్రోటీన్ మడ్డి. ఒక్కోసారి ఆ నురగ ఎయిర్‌లాక్‌లోకి ఎగదన్ని గోడ మీద చిమ్ముతుంది. అలాంటప్పుడు ఎయిర్‌లాక్‌ను తీసేసి, శుభ్రం చేసిన లావుపాటి గొట్టం పెట్టి, రెండో కొసను శానిటైజర్ నీళ్లలో ముంచి ఉంచితే సరిపోతుంది. వాతావరణం చల్లబడినప్పుడు ఎయిర్‌లాక్‌లోని నీళ్లు కాసిని లోపలికి జారినా కంగారు పడనక్కర్లేదు. అందులో పోసింది శానిటైజరే అయితే ఆ నాలుగు చుక్కలు 19 లీటర్ల బీరును ఏమీ చేయవు.

ఎందుకు చేయవంటే, అప్పటికి బీరు తనను తాను కాచుకునే స్థితికి వచ్చేసి ఉంటుంది. 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్‌లో వేల కోట్ల బతికున్న కణాలుంటాయి. అవి చక్కెరను తింటూ ఆల్కహాల్ తయారుచేస్తాయి, పిహెచ్‌ను నాలుగున్నర కిందికి దించుతాయి, కరిగివున్న ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. పైన కార్బన్ డయాక్సైడ్ పరుచుకుంటుంది. హాప్స్ చేదు చాలా రకాల బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. ఇన్ని అడ్డుగోడల మధ్య, మామూలు బీరులో మనిషికి జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు పెరగలేవు. ఇన్ఫెక్షన్ సోకిన బీరు పుల్లబడొచ్చు, వాసన మారొచ్చు, తాగబుద్ధి కాకపోవచ్చు. కానీ ప్రాణం మీదికి తెచ్చేంత ప్రమాదం అందులో లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం ఫోన్లు రావు.

అసలు జాగ్రత్త పడాల్సింది పొయ్యి ఆపిన క్షణం నుంచి ఈస్ట్ వేసేదాకా. గంటసేపు మరిగిన వర్ట్ (ఇంకా ఈస్ట్ వేయని మాల్ట్ రసం) అప్పుడు శుభ్రంగానే ఉంటుంది. కానీ అది చక్కెర నిండిన రసం, కాపలా ఇంకా రాలేదు. దాన్ని 20 డిగ్రీలకు దింపాలి. టెక్సస్ ఎండాకాలంలో కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. వర్ట్‌లో ముంచిన రాగి గొట్టపు చుట్టలోంచి వాటిని ఎంతసేపు పంపినా వర్ట్ ఒక దశ దాటి చల్లారదు. ఐసు నీళ్లలో గిన్నె దించాల్సిందే. ఆ సమయంలో వంటింట్లో ఏముందో చూసుకోవాలి. మన ఇళ్లలో పెరుగు తోడు ఉంటుంది, ఇడ్లీ పిండి పులుస్తుంటుంది. రెండింటిలోనూ పుల్లబరిచే బ్యాక్టీరియా సజీవంగా ఉంటుంది. హాప్స్ వేయని వర్ట్‌లో కావాలనే పెరుగు కలిపి పుల్లటి బీరు చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే బీరు రోజున పిండి రుబ్బే పని పెట్టుకోవద్దని చెబుతాను.

అయితే నాకు అసలు పాఠం నేర్పింది పెరుగు గిన్నె కాదు, ఒక కుళాయి. మా మిత్రుడొకాయన బీరు వరసగా పుల్లబడుతూ వచ్చింది. సీసా మూత తీయగానే నురగ పైకి ఎగజిమ్మేది. వంటింటి పొడి గుడ్డ నుంచి గాలి దాకా అన్నింటినీ అనుమానించాడు. చివరికి అందరం కూర్చుని పరికరాలు విప్పాం. సీసాల్లోకి పట్టే బకెట్‌కు ఉండే ప్లాస్టిక్ కుళాయిని వేడినీళ్లలో ఉంచితే లోపలి గొట్టం ఊడి వచ్చింది. రెండు గొట్టాల మధ్య గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. బయట ఎంత శానిటైజర్ పోసినా అక్కడికి చేరలేదు. చేరినా మురికి మీద అది పనిచేయదు. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మొదటిది కాకుండా రెండోది లేదు. కుళాయి మార్చాక ఆయన బీరు కుదుటపడింది.

ఈ పాఠం కొత్తదేమీ కాదు. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద పుస్తకం రాసి, బీరు చెడడానికి కారణం కంటికి కనిపించని జీవులేనని చూపించాడు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచాడు. అంతకు ముందు తరతరాల వాళ్లు ఎంత బీరును కారణం తెలియకుండా పారబోసి ఉంటారో అనిపిస్తుంది. వాళ్లకు లేని జ్ఞానం మనకుంది. దాన్ని భయంగా మార్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎందుకంటే భయమే బీరును పాడుచేస్తుంది. అనుమానం వచ్చిందని రోజూ మూత తీసేవాళ్లు లోపలికి ఆక్సిజన్‌ను పంపుతున్నారు. దాంతో బీరుకు తడి అట్టముక్క రుచి వస్తుంది. వినెగర్ బ్యాక్టీరియాకు కావాల్సింది కూడా ఆ గాలే. ఇంకా శుభ్రంగా ఉండాలని బ్లీచ్ వాడి సరిగా కడగకపోతే ఆస్పత్రి మందు వాసన పట్టుకుంటుంది, అది మళ్లీ పోదు. పీచుతో గట్టిగా తోమితే ప్లాస్టిక్ బకెట్ మీద గీతలు పడతాయి, ఆ గీతలే సూక్ష్మజీవులకు ఇళ్లు.

అమెరికాలో ఇంటి బీరుకు 1979 నుంచి సమాఖ్య చట్టం అనుమతిస్తోంది: వయోజనులు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, కాబట్టి అక్కడివాళ్లు ఇది చదివి ప్రయత్నించవద్దు.

ఇక్కడ చేసుకునేవాళ్లకు నా మనవి ఇది. ఈస్ట్ వేసేదాకా మీకున్న జాగ్రత్తంతా పెట్టండి, ప్రతి గొట్టం, ప్రతి కుళాయి విప్పి కడగండి. వేశాక మూత పెట్టి రెండు వారాలు వదిలేయండి. పారబోసే ముందు ఒక గుటక రుచి చూడండి. సీసాలు పొంగడం మొదలైతే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, ఒత్తిడికి గాజు పేలుతుంది. సాంద్రత కొలిచే గాజు హైడ్రోమీటర్ బీరులో పగిలిందా, రుచి కూడా చూడకుండా మొత్తం పారబోయండి.