మా మిద్దె మీద వాన

వాన వస్తుందో రాదో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదండీ. ఆరేసిన బట్టలూ, ఎండబెట్టిన వడియాలూ ఉన్న రోజున మన చూపంతా ఆకాశం మీదే కదా! అయితే ఆ వాన లెక్క మీద మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది.

మాది అనంతపురం. పోయిన ఎండాకాలం బోరులో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. ఇంకో బోరు వేయిద్దామని మావారు. దానికి నా గొలుసు తాకట్టు పెట్టాలి. పెరట్లో ఎండిపోయిన పాతబావిని పూడ్చి స్కూటరుకి షెడ్డు వేద్దామని ఇంకో మాట. నేను ససేమిరా అన్నాను. మిద్దె మీద నీళ్ళు ఆ బావిలోకి మళ్ళిద్దామని నా పట్టు. "అనంతపురంలో వానలెక్కడివే?" అని ఆయన నవ్వేశారు.

ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకం తెరిచింది. చూస్తే అంతా మన వంటిల్లే! నీళ్ళు ఆవిరవడానికి పొయ్యే అక్కర్లేదు, తడిబట్టలు ఆరడంలేదూ? సముద్రం మీద జరిగేదీ అదే. ఉప్పు కిందే ఉండిపోతుంది, నీరొక్కటే లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి, చల్లటి నీళ్ళ చెంబుకి బయట చెమ్మ పట్టినట్టు, గాలిలోని సన్నటి దుమ్ముకి పట్టుకుంటుంది. అవే మబ్బులు. ఆ బొట్లు సుమారు 10 లక్షలు కలిస్తేగానీ ఒక్క వానచినుకు కాదట! ఇడ్లీపాత్ర మూత చూడండి. బొట్టూ బొట్టూ కలిసి బరువెక్కాకే టపుక్కున పడుతుంది. (ఇడ్లీల మీద పడకుండా మా అత్తమ్మ మూతకి గుడ్డ కట్టేది.)

మరి మాకెందుకింత తక్కువ? జూన్‌లో అరేబియా సముద్రం మీంచి వచ్చే గాలి పడమటి కనుమలకి తగిలి పైకెక్కి, బరువంతా అక్కడే దించుకుంటుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7 వేల మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. కొండ దిగి మా వైపు వచ్చేసరికి ఆ గాలి వేడెక్కి పొడిబారిపోతుంది. మాకు సగటున 550 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆ కనుమల్లో కురిసిందే తుంగభద్రలో చేరి, హోస్పేట దగ్గర ఆనకట్ట నుంచి ఎగువ కాలువలో మా జిల్లాకొస్తుంది. పుట్టింటివాళ్ళు చేతికివ్వకుండా తమ్ముడిచేత పంపినట్టన్నమాట!

ఇక అసలు లెక్క. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మా మిద్దె 600 చదరపు అడుగులు, అంటే 55 చదరపు మీటర్ల పైచిలుకు. 550తో హెచ్చవేస్తే ఏడాదికి 30 వేల లీటర్లు! చిందిందీ ఆవిరైందీ ఐదో వంతు తీసేసినా 24 వేలు. మా వీధికొచ్చే ట్యాంకరు 5 వేల లీటర్లది. దాదాపు ఐదు ట్యాంకర్ల నీళ్ళు ఏటా మోరీ పాలవుతున్నాయి. ఈ లెక్క పాలచీటీ వెనక రాసి మావారి కాఫీ గ్లాసు కింద పెట్టాను.

ఆయన ఊరుకుంటారా? "ఆ నీళ్ళు మన బోరుకే వస్తాయని ఎవరైనా రాసిచ్చారా?" అన్నారు. నిజమే, భూమి లోపల ప్రహరీగోడలుండవు. మాది రాతినేల, పగుళ్ళు ఎటుంటే అటు పోతాయి నీళ్ళు. పక్కింటి అక్క బోరుకీ పోవచ్చు. ఆ మాటే ఆమెతో అంటే, "అయితే మా మిద్దె గొట్టం కూడా మీ బావిలోకే పెట్టించు వదినా, ఖర్చు చెరిసగం" అంది!

మీరూ చేయించుకునేట్టయితే, తొలివాన మాత్రం బయటికి వదిలెయ్యండి, మిద్దె మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది. బావికి ముందు చిన్న తొట్టి కట్టించి, అడుగున కంకర, పైన ఇసుక పోయించండి. గొట్టం మూతికి జాలీ ఉండాలి. బావి మీద గట్టి మూత తప్పనిసరి, పిల్లలుంటారు, దోమలుంటాయి.

మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. గొలుసు నా మెడలోనే ఉంది. స్కూటరు మాత్రం ఇంకా వేపచెట్టు కిందే.