నాన్న బొమ్మలకు బ్యాకప్ లేదు

మార్చి రెండో వారం. ఆఫీసులో స్టాండప్ మీటింగ్ నడుస్తుంటే అమ్మ ఫోన్. కట్ చేశా. మళ్లీ చేసింది.

"పక్క వెంచర్‌ల గడ్డికి ఎవరో అగ్గి పెట్టిండ్రు. మన గోడ దాకా వచ్చింది. మీ నాన్న బొమ్మల గదిలకెళ్లి బయటికి రమ్మంటే వస్తలేడు!"

గచ్చిబౌలి నుంచి షాద్‌నగర్ దాకా ఎలా వచ్చానో గుర్తు లేదు. వచ్చేసరికి మంట ఆరిపోయింది. పక్కింటివాళ్లు బకెట్లతో నీళ్లు పోసి, పచ్చి మండలతో కొట్టి ఆర్పారట. కాంపౌండ్ గోడ మాత్రం నల్లగా మాడింది. నాన్న స్టూలు మీద కూర్చుని ఒడిలో పాత ఫైలొకటి గట్టిగా పట్టుకున్నాడు.

నాన్న రిటైరైన డ్రాయింగ్ టీచర్. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన స్టూడియో. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు, సంతలో మేకలు, వలస బస్సెక్కే పాలమూరు కూలీలు... ముప్పై అయిదేళ్ల పని అంతా అక్కడే ఉంది. నా లాప్‌టాప్ కాలిపోయినా ఒక్క లైను కోడ్ పోదు, రోజూ పుష్ చేస్తా. నాన్న బొమ్మలకు మాత్రం ఒక్క కాపీ కూడా లేదు. ఇన్నేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నా. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చుల్లో 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. వాటిలో ఎందరో ఆర్టిస్టుల ఇళ్లు, స్టూడియోలు ఉన్నాయి. అదే మంటల దారిలో ఉన్న గెట్టీ విల్లా మ్యూజియం ఆవరణలో చెట్లు కాలినా, భవనం, లోపలి కళాఖండాలు మిగిలాయి. ఎండిన పొదలు ముందే కొట్టేశారు, నేల తడిపి ఉంచారు. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది ఎదురుగా వచ్చే మంటతో కాదు, గాలికి ఎగిరొచ్చి సందుల్లో పడే నిప్పు రవ్వలతో.

పొద్దున నాన్నకు చెప్తే నవ్వాడు. "అమ్రాబాద్ అడవిల ఎండాకాలం ముందు గిదే చేస్తరు బిడ్డా. ఫైర్ లైన్ అంటరు. గడ్డి, ఆకులు లేకుండ ఒక పట్టీ తీస్తరు. అగ్గి ఆడికొచ్చి ఆగుతది."

అన్నీ తెలుసు, ఇంటి దగ్గరే చేయలేదు!

రెండు శని ఆదివారాలు పట్టింది. ఇద్దరు కూలీలను పెట్టుకుని గోడ బయట గడ్డి, సర్కారు తుమ్మ కంప కొట్టించాం. షెడ్డు చుట్టూ అయిదడుగుల్లో కాలే వస్తువు లేకుండా చూశాం. కట్టెలు, గోనె సంచులు, విరిగిన ఫ్రేములు అన్నీ దూరం పెట్టాం. రేకుల మీది ఎండాకులు ఊడ్చి, రేకుకూ గోడకూ మధ్య సందుల్లో ఇనుప జాలీ కొట్టాం. టర్పెంటైన్ సీసాలు బయట ఇనుప పెట్టెలోకి మార్చాం. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. అందుకే ఇప్పుడవి మూత ఉన్న రేకు డబ్బాలో, నీళ్లలో ఉంటున్నాయి. తలుపు పక్కన పొడవాటి పైపు, రెండు ఇసుక బకెట్లు. గోడ మీద నాన్నే ఎర్ర రంగుతో పెద్దగా రాశాడు: 101.

ఇక చివరి ప్రశ్న అడిగా. "అయిదు నిమిషాలే టైముంటే ఏం తీసుకుంటవ్ నాన్నా?"

ప్రైజ్ వచ్చిన పెయింటింగ్ అంటాడనుకున్నా. ఆ రోజు ఒడిలో పట్టుకున్న ఫైలు తెరిచాడు. లోపల పసుపెక్కిన కాగితం మీద పెన్సిల్ బొమ్మ. జొన్నలు చెరుగుతున్న నానమ్మ.

"అమ్మకు ఫొటో లేదు గదా. గిదొక్కటే ఉన్నది."

నేను పుట్టకముందే పోయింది నానమ్మ. ఆమె ముఖం మొదటిసారి అప్పుడే చూశా. ముక్కు అచ్చం నాదే.

ముందు ఆ బొమ్మే ఫొటో తీశా. ఇప్పటికి 212 అయ్యాయి. ఒక కాపీ క్లౌడ్‌లో, ఇంకోటి హార్డ్‌డిస్క్‌లో, హైదరాబాద్‌లో నా రూములో. ఫైలు మాత్రం తలుపు పక్కనే, చేతికందేలా ఒక సంచిలో ఉంటుంది.

"మంటొస్తే బొమ్మల కోసం లోపలికి పోను" అని నాన్నతో ఒట్టు కూడా వేయించుకున్నా.

మీ ఇంట్లో కూడా కాపీ లేనిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఊరెళ్తే ఒకసారి అడిగి చూడండి.