నొప్పి ఒకచోట, రోగం మరొకచోట

గుండెకు రక్తప్రసారం తగ్గినప్పుడు కొందరికి ఛాతీలో కాక ఎడమ చేతిలోనో, దవడలోనో నొప్పి కలుగుతుంది. పిత్తాశయం వాచినప్పుడు కుడి భుజం నొప్పి పెట్టవచ్చు. తుంటి కీలు అరిగినవారు మోకాలు పట్టుకుని వైద్యుని వద్దకు రావడం మేము తరచుగా చూసే విషయమే. దీనిని వైద్యపరిభాషలో 'రిఫర్డ్ పెయిన్' అంటారు. నేను ఉత్తర ఇంగ్లాండులో ప్రాక్టీసు చేసిన రోజులలో ఒక విశ్రాంత బొగ్గుగని కార్మికుడు మోకాలినొప్పితో నా వద్దకు వచ్చారు. అప్పటికే రెండేళ్లుగా ఆ మోకాలికి మందులు వాడుతున్నారు. శస్త్రచికిత్స మాట కూడా వచ్చింది. బల్లమీద పడుకోబెట్టి, తుంటి కీలును మెల్లగా లోపలికి తిప్పగానే తాను ఇన్నాళ్లూ పడుతున్న నొప్పి అదేనన్నారు. మోకాలిని నేను అప్పటికి తాకనైనా లేదు.

యంత్రాలలోనూ ఇటువంటిది జరుగుతుందని మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆరోగ్య విషయాలు చదవడానికి వచ్చినవారికి గేర్‌బాక్సు గోల ఎందుకని అనుకోకండి. ఇది కూడా చేతినొప్పితో మొదలైన సంగతే.

నా మనవడు ట్రయల్స్ మోటారుసైకిలు నడుపుతాడు. ఈ క్రీడ మన వైపు వారికి అంతగా పరిచయం లేదు కనుక రెండు మాటలు. ఇది వేగపు పందెం కాదు. బండరాళ్లమీద, వాగులలో, బురద గట్లమీద గుర్తించిన దారిలో పాదం నేలకు ఆనించకుండా బండి నడపాలి. పాదం ఒకసారి ఆనితే ఒక పాయింటు నష్టం, బండి పడిపోతే ఐదు. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం చుట్టూ ఆరు రోజులపాటు సాగే పోటీ ఈ క్రీడలో ప్రసిద్ధమైనది. 1965లో శామీ మిల్లర్ అనే బెల్‌ఫాస్ట్ వాసి స్పెయిన్‌లో తయారైన తేలికపాటి బుల్టాకో మీద ఆ పోటీ గెలిచారు. బరువైన బ్రిటిష్ బండ్ల కాలం అక్కడితో ముగియసాగింది. నేటి ట్రయల్స్ బండి సుమారు 70 కిలోలు మాత్రమే ఉంటుంది; కూర్చోవడానికి సీటు అనదగినది ఉండదు. నిలబడే నడపాలి. నడక వేగంలో రాయి ఎక్కాలంటే క్లచ్‌ను క్షణక్షణం సగం పట్టి, సగం వదలుతూ ఉండాలి. అందుకు ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే వాడతారు.

"తాతయ్యా, మోచేయి నొప్పి" అని వాడు వచ్చినప్పుడు ఎడమ మోచేతి లోపలివైపు ఎముక మొన వద్ద నొక్కితే ఉలిక్కిపడ్డాడు. మణికట్టును లోపలికి వంచమని, నేను అడ్డుపట్టినా నొప్పి వచ్చింది. వేళ్లను ముడిచే కండరాలు ఎముకకు అంటుకునే చోటు అది. పట్టీ కట్టి, విశ్రాంతి చెప్పి పంపివేయవచ్చు. అయితే కుడిచేతికి లేని నొప్పి ఎడమచేతికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఎన్ని వేళ్లతో క్లచ్ పడుతున్నావని అడిగాను. ఇదివరకు ఒకటి, ఇప్పుడు నాలుగూ అన్నాడు. లీవరు పూర్తిగా నొక్కిపట్టినా బండి ముందుకు తోసుకుపోతున్నదట, న్యూట్రల్ దొరకడం లేదట, మొదటి గేరు 'ఠక్' మని పడుతున్నదట. ఒక వర్క్‌షాపువారు చూసి గేర్‌బాక్సు పోయిందని, ఇంజిను రెండుగా విప్పాలని, కొన్ని వందల పౌండ్లు అవుతుందని చెప్పారట. రాతి అంచుమీద ఆగవలసిన బండి ఆగకపోతే చేయి మాత్రమే కాదు, మెడ కూడా విరగవచ్చు. వాడి అమ్మ బండి అమ్మివేయమని పట్టుబట్టింది.

నేను మెకానిక్కును కాను. కానీ కోత పెట్టే ముందు రోగచరిత్ర అడగాలని నలభై ఏళ్లు నేర్చుకున్న చదువు ఎక్కడికి పోతుంది? ఎప్పటినుంచి? శీతకాలం మూడు నెలలు షెడ్డులో ఉన్న తరువాత. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. వేడెక్కాక కొంత నయం. ఒక గేరులోనా, అన్నిటిలోనా? అన్నిటిలోనూ. ఈ చివరి జవాబు నాకు ముఖ్యమనిపించింది. గేర్‌బాక్సులో ఒక పన్ను విరిగితే ఆ గేరు ఒక్కటే చెడాలి కదా!

తరువాత పరీక్ష. మీ ఇంట్లో గేర్లున్న ఏ మోటారుసైకిలుకైనా ఇది చేయవచ్చు. ఇంజిను ఆపి, వెనుక చక్రం నేలకు తగలకుండా బండిని నిలబెట్టి, ఒకరు చక్రాన్ని చేత్తో తిప్పుతుండగా మరొకరు గేర్లన్నీ ఒకదాని తరువాత ఒకటి మార్చాలి. ఇంజిను ఆపినప్పుడు గేర్లు మెత్తగా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే దోషం చాలావరకు క్లచ్‌దే. క్లచ్ పూర్తిగా విడవకపోతే ఇంజిను బలం గేర్ల మీదికి వస్తూనే ఉంటుంది; ఆ ఒత్తిడిలో అవి కదలలేవు. మా పరీక్షలో గేర్లు వెన్నలో కత్తిలా దిగాయి. గేర్‌బాక్సు ఇక్కడ మోకాలు. తుంటి వేరే ఉంది.

ఆపై మరొక చిన్న పరీక్ష. ఇంజిను నడుస్తుండగా లీవరును మూడు నాలుగుసార్లు త్వరత్వరగా నొక్కి, పట్టి ఉంచితే న్యూట్రల్ దొరికింది. ఆ బండికి కేబుల్ లేదు, ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్. ఇలా కొట్టగానే నయమైతే గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. గాలి నలుగుతుంది కానీ ద్రవంలా ఒత్తిడిని ముందుకు పంపదు. కేబుల్ ఉన్న బండ్లలో ఈ పరీక్షకు బదులు లీవరు వద్ద ఉండే వదులు చూడాలి. వదులు మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు. అసలు లేకపోతే జారుతుంది. జారే క్లచ్ గుర్తు వేరు: పై గేరులో, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజిను అరుస్తుంది, బండి మాత్రం సాగదు.

గాలి తీసి, కొత్త ద్రవం నింపాము. ఏ ద్రవమో లీవరు డబ్బా మూతమీదనో, బండితో వచ్చిన పుస్తకంలోనో చూసి తీరాలి. మినరల్ ఆయిలు వాడే వ్యవస్థలో బ్రేకు ద్రవం పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. రక్తమార్పిడిలో గ్రూపు చూడకపోవడం వంటిదే. సగం బాధ పోయింది. మిగిలిన సగం కోసం బండిని ఎడమపక్కకు పడుకోబెట్టి, కుడివైపు క్లచ్ మూత విప్పాము. ఇలా చేస్తే గేరు ఆయిలు తీయనవసరం కూడా లేదు. ప్లేట్లు పాత ఆయిలుతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి అంచులు ఆనే బాస్కెట్ వేళ్లమీద చిన్న గాట్లు పడ్డాయి. ప్లేటు ఆ గాటులో చిక్కుకుంటే విడవవలసినప్పుడు విడవదు. మనవడు ఓపికగా ఆకురాయితో నునుపు చేశాడు. ప్లేట్ల మందం వెర్నియరుతో కొలిస్తే మార్చవలసినంత అరగలేదు. ఒకే లక్షణానికి ఒకే కారణం వెతకమని మాకు కళాశాలలో నేర్పేవారు. ముసలి రోగులూ, వాడిన బండ్లూ ఆ సూత్రాన్ని మన్నించవు.

చేతికి వైద్యం సులువైనది. కొన్ని వారాలు బండి మాని, తరువాత తేలికపాటి బరువుతో మణికట్టును మెల్లగా దింపే వ్యాయామం. మళ్లీ ఒక వేలితోనే క్లచ్.

అలాగని ప్రతిసారీ క్లచ్‌నే తప్పుపట్టకండి. బలం ఇచ్చినప్పుడు ఒకే గేరు జారి బయటికి వస్తుంటే, గేర్లను పట్టి ఉంచే పళ్లు అరిగాయో, వాటిని జరిపే ఫోర్కు వంగిందో అనుకోవాలి. పెడల్ నొక్కాక తిరిగి పైకి రాకపోతే దాని స్ప్రింగు విరిగి ఉండవచ్చు. న్యూట్రల్‌లో వినిపించే గరగర క్లచ్ నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సులోకి బలం తెచ్చే షాఫ్టు బేరింగును అనుమానించాలి. ఇటువంటప్పుడు విప్పక తప్పదు.

విప్పాలా వద్దా అని నిర్ణయించే ముందు ఆయిలు ఒకసారి చూడండి. మూత్రపరీక్ష వంటిది అది, ఖర్చు లేదు. అడుగు బోల్టుకు అయస్కాంతం ఉంటే దానిమీద సన్నని బూడిదరంగు జిగురు మామూలే. గోటికి తగిలే లోహపు ముక్కలు కావు. ఆయిలు పాలు కలిసిన టీలా ఉంటే నీరు చేరిందన్నమాట. నీటితో చల్లబడే ఇంజినైతే పంపు సీలు చూడాలి. ట్రయల్స్ బండ్లలో చాలావాటికుండే రెండు స్ట్రోకుల ఇంజినులో, బయట చుక్క కారకుండా గేరు ఆయిలు తగ్గుతూ, సైలెన్సరు నుంచి దట్టమైన పొగ వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు తెగి ఇంజిను ఆ ఆయిలును తాగుతున్నదని అర్థం. అప్పుడు నడపకుండా ఆపి, వర్క్‌షాపుకు తీసుకుపోండి.