సాక్చిలో తోడు మనిషి

టాటానగర్ స్టేషనులో దిగి ఊరిలోకి ప్రవేశించే యాత్రికుని దృష్టిని మొట్టమొదట ఆకర్షించేవి ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు. ఆ కర్మాగారానికి చేరువలోనే సాక్చి ఉన్నది. గోల్ చక్కర్ చుట్టూ తిరిగే ఆటోలు, కిక్కిరిసిన బజారు, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ మాటల నడుమ అప్పుడప్పుడు చెవినపడే శ్రీకాకుళపు తెలుగు: ఇదీ నేటి సాక్చి. ఉక్కు పనికై ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువారు కట్టుకొన్న రామమందిరం ఊరందరికీ పరిచితమే.

ఉక్కు కర్మాగారం రాకపూర్వం సాక్చి ఒక చిన్న పల్లె. ఉక్కు కర్మాగారానికి అనువైన స్థలం కోసం అడవులు గాలిస్తున్న వెల్డ్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు శ్రీనివాసరావు 1907లో ఈ పల్లెను గుర్తించారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీరు, సమీపంలోనే కాలీమాటి రైల్వే స్టేషను, ఒకవైపు ఇనుప ఖనిజం, మరొకవైపు ఝరియా బొగ్గు. ఇంతకంటె కావలసినదేమున్నది? 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ పట్టణానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. సాక్చి పేరు మాత్రం ఒక పేటకు మిగిలిపోయింది.

అనువాదం నా వృత్తి. సముద్రంలో మునిగే స్కూబా ఈతగాళ్ళను గురించిన ఒక ఇంగ్లీషు రచన చేతిలో ఉండగా ఈ ఊరు చూడడం తటస్థించింది. జతగాడు లేకుండా ఒంటరిగా మునగవచ్చునా, కూడదా అన్నది ఆ రచనలోని చర్చ. ఆ జతగానికి వారు వాడే మాట ‘బడ్డీ’. నేస్తమనాలా, సహచరుడనాలా? సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ ఉక్కు పట్టణంలో నాకు సరియైన మాట స్ఫురించింది. ఆ మాట ‘తోడు’.

ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వెలువడే వాయువులో దాదాపు నాలుగవ వంతు కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులోని ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది; బుద్ధి మందగిస్తుంది, కాళ్ళు తేలిపోతాయి. తనకు ప్రమాదం వాటిల్లుతున్నదని ఆ మనిషికే తెలియదు. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విషవాయువులు చేరే గదులలోకి, తొట్లలోకి దిగేవారికి ఒక కట్టుబాటు విధించింది. లోపలి గాలిని పరీక్షించి క్షేమమని వ్రాతపూర్వకంగా ధ్రువపరచాలి. లేదా దిగేవాడు శ్వాస పరికరం ధరించి, నడుముకు త్రాడు కట్టుకొని, దాని రెండవ కొసను బయట మరొక మనిషి చేత పట్టించాలి.

సముద్ర గర్భంలోనూ ఇదే న్యాయం. సుమారు ముప్పై మీటర్ల లోతు దాటేసరికి, పీల్చే గాలిలోని నైట్రోజన్ చాలామందికి ఒక విధమైన మత్తు కలిగిస్తుంది. ఆ మత్తులో పడినవాడు తాను తెలివిగానే ఉన్నానని భ్రమపడతాడు. గని వాయువులను పసిగట్టడానికి చిన్న పక్షులను వెంట తీసికొని వెళ్ళమని సూచించిన జాన్ స్కాట్ హాల్డేన్, మునిగినవారు క్షేమంగా పైకి రావడానికి లెక్కల పట్టికలు 1908లో ప్రకటించిన శాస్త్రజ్ఞుడు కూడా కావడం గమనార్హం.

పూర్వం లోహపు శిరస్త్రాణం ధరించి మునిగేవానికి గాలి గొట్టమూ త్రాడూ పడవ మీది మనుషుల చేతిలో ఉండేవి. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ కలిసి రూపొందించిన పరికరం ఆ బంధాన్ని తెంచి, ఈతగానికి చేపవంటి స్వేచ్ఛ ప్రసాదించింది. తెగిన ఆ త్రాటికి బదులుగా వచ్చినవాడే జతగాడు.

ఐతే ఒంటరివాదుల మాటనూ త్రోసిపుచ్చలేము. పేరుకు జత కట్టి నీటిలో ఎవరి దారిన వారు పోయేవారు కొల్లలు. బెదిరిపోయిన అనాడి జతగాడు పక్కవాని ప్రాణానికే ముప్పు తేగలడు. అదనపు గాలి సిలిండరు, నేర్పు, నిగ్రహం గలవాడు ఒంటరిగా మునిగితే తప్పేమిటని వారి ప్రశ్న. ఒంటరి మునకలో శిక్షణ నిచ్చే సంస్థలు ఇప్పుడున్నాయి. కనీసం నూరు మునకల అనుభవం ఉంటేనే అవి చేర్చుకొంటాయి.

పర్వతారోహకులలోనూ ఈ తగవు ఉన్నది. 1984లో ఎవరెస్టు నెక్కిన బచేంద్రీపాల్ నాయకత్వంలో ఈ ఊరిలో సాహస క్రీడల సంస్థ వెలసింది. ఈ ఊరి గృహిణి ప్రేమలతా అగర్వాల్ 2011లో ఆ శిఖరాన్ని చేరుకొన్నది. 1980లో మెస్నర్ ప్రాణవాయువు సిలిండరు లేకుండా ఒంటరిగా ఎవరెస్టు నెక్కాడు. దారిలో మంచు పగులులో పడి, తనంతట తానే బయటపడ్డాడు. కాని ఆ సమయంలో సైతం క్రింది గుడారంలో ఆయన రాక కోసం కాచుకొని ఒక సహచరి ఉన్నది.

సిలిండరు రెండవది తెచ్చుకోవచ్చును. బుద్ధి రెండవది తెచ్చుకోలేము. నా బుద్ధి మసకబారిన క్షణాన దానిని గుర్తించవలసిన కన్ను నాది కాజాలదు. మరొక సంగతి. ఒంటరిగా దిగినవాడు మునిగితే నష్టం వానితో ఆగదు. విషవాయువు చేరిన తొట్లలో మరణించినవారిలో రక్షింపబోయి ఊపిరి విడిచినవారు ఎందరో. ఎవరి ప్రాణం వారి ఇష్టమన్న వాదం ఇక్కడ నిలువదు. వెదకడానికి దిగేవాని ప్రాణం కూడా ఆ లెక్కలో చేరుతుంది.

అయినా తోడున్నాడు గదా అని నేర్పు మానుకొనేవాడు తోడుకు భారమే అవుతాడు. ఒంటరిగా బయటపడగల సత్తా సంపాదించుకొని, ఆపైన ఒంటరిగా వెళ్ళకుండా ఉండడమే వివేకం. సోనారీ దగ్గర దోముహానీలో ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఛఠ్ పండుగనాడు నడుము లోతు నీటిలో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిచ్చే స్త్రీల వెనుక, గట్టున వారి ఇంటివారంతా నిలబడి ఉంటారు. నీటిలో దిగినవారి మీద గట్టున ఒక చూపు ఉండాలన్న సత్యం ఈ ఊరికి ఎవరూ ఇంగ్లీషు నుంచి అనువదించి చెప్పనవసరం లేదు.