తెల్లమచ్చ మహిమ

గుళ్లో తీసిన ఫొటోలో దీపమున్నచోట తెల్లమచ్చ పడితే "జ్యోతి స్వరూపం" అంటూ మా బంధువులు పంపుతుంటారు. నేనేమో పిక్సెళ్లు డిజైన్ చేసి బతికేవాణ్ణి! పిక్సెల్ ఒక గిన్నె. వెలుగుకి పుట్టిన ఎలక్ట్రాన్లు అందులో నిండుతాయి. 10 వేలు పట్టే గిన్నెలో కోటి పోసినా లెక్క 10 వేలే. తెల్లమచ్చంటే "ఇక కొలవలేను" అని.

కార్లలో ఇది ప్రాణాలమీదికి తెస్తుంది. సొరంగం చీకటీ, బయటి ఎండా ఒకే ఫ్రేములో పట్టాలంటే 120 డెసిబెల్స్, అంటే 10 లక్షల రెట్ల తేడా అందుకోవాలి. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే సరి అంటారా? ఎల్ఈడీ సిగ్నళ్లు చాలావరకు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఆరిన క్షణం దొరికితే ఎర్రలైటు నల్లగా పడుతుంది. అందుకే పిక్సెల్లోనే కెపాసిటర్ పెట్టి, పొంగినది అందులోకి మళ్లిస్తాం, ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు. ఆ కెపాసిటర్‌కి చోటు కోసమే మాకు రోజూ కొట్లాట. మైక్రాన్‌లో పదోవంతైనా ఫొటోడయోడ్ వాళ్లు వదలరు.